గార పళ్లతో అమెరికా వచ్చిన మన నల్లగొండ పిల్లలకు

మర్రిగూడ నుంచి ఎంఎస్‌కి వచ్చిన ఒక తమ్ముడి సందేహం: "అన్నా, ఫ్లోరైడ్ గార వల్ల నలుగురిలో నవ్వలేకపోతున్న. ఇక్కడ ముందు పళ్లన్నిటికీ వెనీర్లు (పంటి ముందువైపు అతికించే పలుచని తొడుగులు) వేయించుకోమంటున్నారు. వేయించుకోవాల్నా?"

తొందరపడకు తమ్ముడూ. మన జిల్లా పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ మచ్చ నువ్వు సరిగ్గా తోముకోకపోవడం వల్ల వచ్చింది కాదు, పిప్పి అంతకన్నా కాదు. చిన్నప్పుడు చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో బోరునీళ్ల ఫ్లోరైడ్ పంటి మీది తెల్లటి పూతను, అంటే ఎనామిల్‌ను, గట్టిపడనివ్వలేదు. తర్వాత ఆ గుల్ల పొరలోకి రంగు ఎక్కింది. చాలామందికి అది పైపొరలోనే ఉంటుంది. కాబట్టి పన్ను తక్కువ అరిగే పద్ధతి నుంచి మొదలుపెట్టమని అడుగు.

గోధుమరంగు మచ్చలకు మైక్రోఅబ్రేజన్ ఉంది. యాసిడ్, గరుకు పొడి కలిపిన పేస్టుతో పైపొరను సన్నగా రుద్దుతారు. తర్వాత అవసరమైతే బ్లీచింగ్. తెల్ల మచ్చల్లోకి రెసిన్ అనే పలుచని ద్రవాన్ని ఇంకించే పద్ధతీ ఉంది. గుంటలు పడిన చోట కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) నింపుతారు. అది కొన్నేళ్లకు రంగు మారవచ్చు, అంచు విరగవచ్చు, కానీ మళ్లీ సరిచేయించుకోవచ్చు. పింగాణీ వెనీరుకు మాత్రం సాధారణంగా అర మిల్లీమీటరు వరకు ఎనామిల్ తీస్తారు. తీసింది తిరిగి రాదు, వెనీరు పాడైనప్పుడల్లా కొత్తది వేయించుకోవాలి. ఇరవై రెండేళ్ల వయసులో ఆ దారి ఆఖరున పెట్టుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇంకో మాట. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చిన ఈ జబ్బు) ఉన్న ఎనామిల్‌కు వెనీరు, కాంపోజిట్‌ల అతుకు అంత బలంగా పట్టదు. అందుకే ఎక్కడ పెరిగావో, ఏ నీళ్లు తాగావో డాక్టరుకు ముందే చెప్పు. ఇలాంటి పళ్లకు ఇంతకుముందు వైద్యం చేశారా అని మొహమాటం లేకుండా అడుగు.

ఖర్చు విషయం. అందం కోసం చేసే పనికి ఇన్సూరెన్స్ దాదాపుగా ఇవ్వదు. యూనివర్సిటీ ఇన్సూరెన్స్‌లో చాలాసార్లు పళ్ల వైద్యం ఉండనే ఉండదు. డెంటల్ కాలేజీ క్లినిక్కుల్లో సమయం ఎక్కువ పట్టినా బిల్లు తక్కువ. కొన్ని ప్లాన్లు దవడ పంటికి తెల్ల ఫిల్లింగ్ వేసినా వెండి ఫిల్లింగ్ ధరే ఇస్తాయి. తేడా మన జేబులోంచే.

వెండి ఫిల్లింగ్‌లో దాదాపు సగం పాదరసమే. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, చిన్నపిల్లలకు అది వద్దని 2020లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సూచించింది. అలాగని ఇంటి దగ్గర వేయించుకున్నది బాగానే ఉంటే తీయించొద్దు. తీసేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా వస్తుంది.

ఇంకా బయల్దేరని వాళ్లు పిప్పి పళ్లు, రూట్ కెనాల్, క్యాప్ పనులు నల్లగొండలోనో హైదరాబాద్‌లోనో ముగించుకొని రండి. తాత్కాలిక క్యాప్‌తో విమానం ఎక్కొద్దు. దవడ పళ్లకు జిర్కోనియా క్యాప్ గట్టిగా నిలుస్తుంది. ముందు పళ్లకు లిథియం డైసిలికేట్ అనే గాజు పింగాణీ క్యాప్ అసలు పన్నులా వెలుతురును లోపలికి రానిస్తుంది. ఏది వేశారో రాయించుకొని, ఎక్స్‌రేలు ఫోన్‌లో పెట్టుకోండి.

పిల్లలతో వచ్చినవాళ్లు కొళాయి నీళ్లలో ఫ్లోరైడ్ అనగానే టెన్షన్ పడుతున్నారు. ఇక్కడ ఫ్లోరైడ్ కలిపే ఊళ్లకు సూచించిన మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. డబ్ల్యూహెచ్‌వో హద్దు 1.5, మన పాత బోర్లలో చాలావాటిలో అంతకు మించే ఉండేది. పేస్టు మాత్రం మూడేళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మించండి.