పాడైన డిస్కు జోలికి వెళ్ళే ముందు

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

నానమ్మ పాడిన మంగళహారతులు, పెళ్ళిపాటలు దాచిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తెరుచుకోవడం లేదని, దానిని షాపులో ఇవ్వకుండా నీవే బాగు చేసుకుంటానంటున్నావని వదిన ఫోనులో చెప్పింది. మన ఇంటి పిల్ల ఆ పనికి పూనుకున్నందుకు గర్వపడ్డాను. కాని నీ తొందర నాకు తెలుసు కనుక, ఈ రాత్రికే మొదలుపెడతావేమోనన్న భయంతో వెంటనే రాస్తున్నాను. ఆ పాటలకు రెండో కాపీ లేదు. ఉండాలని నీకు ఎన్నిసార్లు చెప్పానో ఇప్పుడు ఎత్తిచూపను.

ముందు కేబుల్ మార్చి చూడు. హబ్‌కు కాక కంప్యూటర్‌కే నేరుగా తగిలించు. చిన్న డిస్కులు విద్యుత్తును యూఎస్‌బీ నుంచే తీసుకుంటాయి కనుక, అది చాలకపోయినా ఇలాగే మొరాయిస్తాయి. అప్పటికీ విండోస్ ఫార్మాట్ చేయాలని అడిగితే ఒప్పుకోవద్దు. విండోస్‌లో డిస్కు తప్పులు సరిదిద్దే చెక్‌డిస్క్ కూడా నడపవద్దు. అది ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే ఏర్పాటును, చక్కదిద్దే పనిలో డిస్కు మీదనే రాస్తుంది, పొంతన కుదరని ముక్కలను అసలు పేర్లు లేకుండా ఒక ఫోల్డరులో పడవేస్తుంది.

నేను విజయవాడలో సర్వీసు షాపు నడిపిన రోజుల్లో, మా వీధిలోనే మరో షాపులో పనిచేసే కుర్రవాడు ఒక ఫొటో స్టూడియో వారి డిస్కు పట్టుకొని నా దగ్గరకు పరుగెత్తుకొచ్చాడు. ఆ శ్రావణంలో తీసిన పెళ్ళిళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. డిస్కు ఫార్మాట్ అడిగితే అతను క్విక్ ఫార్మాట్ చేసి, ఆపైన రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతికాడు. ఫొటోలన్నీ కనిపించాయి కూడా. దాచడానికి వేరే డిస్కు చేతిలో లేదు, స్టూడియో యజమాని ఎదురుగా కూర్చొని తొందరపెడుతున్నాడు. అందుచేత దొరికిన ఫొటోలను ఆ డిస్కులోనే కొత్త ఫోల్డరు చేసి కాపీకి పెట్టి, నిశ్చింతగా టీ తాగడానికి వెళ్ళాడు. నిజానికి అప్పటికి చెరిగిపోయింది ఫైళ్ళ పట్టిక మాత్రమే, ఫొటోలు ఉన్నచోటనే ఉన్నాయి. పట్టికలో లేవు కనుక ఆ చోటంతా ఖాళీ అని కంప్యూటరు లెక్క. దానితో బయటికి తీసిన ప్రతి ఫొటో, ఇంకా తీయవలసిన మరో ఫొటో మీద వెళ్ళి కూర్చుంది. నా దగ్గరకు వచ్చేసరికి తలంబ్రాల ఫొటోలో పెళ్ళికూతురి బాసికం వరకే కనిపించింది, ఆ కిందంతా బూడిదరంగు. కొన్ని ఫైళ్ళు తెరిస్తే వేరే ఇంటివారి పెళ్ళి వచ్చింది. ఆ కుర్రవాడికి తెలివి తక్కువ కాలేదమ్మా, ఒక ఖాళీ డిస్కు తక్కువైంది.

కాబట్టి నీవు ముందు కొనవలసింది సాఫ్ట్‌వేర్ కాదు, ఇప్పుడున్న దానికన్నా పెద్ద డిస్కు. విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేసి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాత డిస్కు మొత్తాన్ని ఒక ఇమేజి ఫైలుగా, అంటే అచ్చు నకలుగా, కొత్త దానిలోకి దించు. అది బాగున్న భాగాలను ముందు చదివి, మొండికేసిన చోట్లను చివర్లో చదవడానికి అట్టేపెడుతుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు పెట్టుకుంటే, మధ్యలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచే సాగుతుంది. ఏది పాతదో ఏది కొత్తదో సైజు చూసి సరిపోల్చుకున్నాకే ఎంటర్ నొక్కు. తరువాతి ప్రయోగాలన్నీ ఆ ఇమేజి మీదనే. టెస్ట్‌డిస్క్ అనే రికవరీ ప్రోగ్రామ్‌తో ఫోల్డర్లు పేర్లతో సహా దొరికితే అదృష్టం. దొరకకపోతే ఫొటోరెక్ అనే మరో ప్రోగ్రామ్ పెట్టు. పేరు అలా ఉన్నా అది పాటల ఫైళ్ళను కూడా వెతుకుతుంది, కాని పాత పేర్లు రావు. వాటిని నాకు పంపు. అమ్మ గొంతు ఎత్తుకోగానే అది ఏ పాటో నేను చెప్పగలను.

నా అసలు భయం మరొకటి ఉంది. డిస్కు టక్‌టక్‌మని కొట్టుకుంటే, ఇమేజి సగంలో ఉన్నా సరే వెంటనే కరెంటు తీసెయ్యి. లోపల చదివే ముల్లులాంటి హెడ్డు, డేటా ఉండే గుండ్రటి పళ్ళేనికి నానోమీటర్ల ఎత్తులో తేలుతూ చదువుతుంది, అది దెబ్బతిని పళ్ళేన్ని గీరితే గీరిన మేర పాట మళ్ళీ రాదు. ఫ్రిజ్‌లో పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. చల్లబడిన డిస్కు బయటికి రాగానే తేమ పడుతుంది, ఆ మాట వినకు. మూత విప్పకు. అలా కొట్టుకునే డిస్కును దుమ్ము చేరని శుభ్రమైన గది ఉన్న రికవరీ ల్యాబ్‌కే ఇవ్వాలి. డేటా రాకపోతే ఎంత తీసుకుంటారో ముందే రాతపూర్వకంగా అడుగు. వారు చెప్పే మొత్తం విని మీ నాన్న కంగారు పడతాడు, అందుకని ఆ కాగితం నాకు పంపు. ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఆశీస్సులతో,
బాబాయి