ఈ-సైకిల్‌కి రీజెనరేటివ్ బ్రేకు: 6,000 పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా, జయపురం. ఇంటి నుంచి దుకాణానికి రానూపోనూ రోజుకు 12 కిలోమీటర్లు ఈ-సైకిల్ మీద తిరుగుతాను. నెలకోసారి ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్లొస్తాను. బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్. అది మార్చాలంటే 15,000 అవుతుందన్నారు. బ్రేకు ప్యాడ్లు ఏడాదికి రెండుసార్లు మారుస్తాను, సారికి 200. బ్రేకు వేసినప్పుడు కరెంటు తిరిగి బ్యాటరీలోకి వెళ్లేలా మోటారు, దానికి కరెంటు అందించే కంట్రోలర్ మార్చడానికి మెకానిక్ 6,000 అడుగుతున్నాడు. పెట్టమంటారా?

జవాబు: మీ వాడకానికైతే వద్దండి. మీ సైకిల్ అసలు ఎంత కరెంటు తింటుందో ముందు చూడండి. తొక్కుతూ నడిపితే కిలోమీటరుకు సుమారు 10 వాట్-అవర్లు, అంటే రోజుకు 120. యూనిట్ అంటే 1,000 వాట్-అవర్లు కాబట్టి, ఛార్జర్‌లో పోయేది కలిపినా 0.14 యూనిట్. యూనిట్ 5 రూపాయలనుకుంటే రోజుకు 70 పైసలు, 300 రోజులకు 210 రూపాయలు. ఆ కరెంటు మొత్తం ఉచితంగా వచ్చినా మీ 6,000 తిరిగి రావడానికి 28 ఏళ్లు పైనే పడుతుంది. బ్రేకు ఇచ్చేది అందులో చిన్న ముక్క మాత్రమే.

ఎంత చిన్నదంటే, మీరు, సైకిలు, సంచీ కలిపి 100 కిలోలనుకుందాం. 25 కిలోమీటర్ల వేగంలో ఉన్న ఆ బరువులో దాగిన శక్తి 0.67 వాట్-అవర్. బ్రేకు వేస్తే అందులో సగం కూడా చేతికి రాదు. వేగం బాగా తగ్గాక మోటారు పుట్టించే వోల్టేజీ చాలదు, చివరికి మామూలు బ్రేకే పట్టుకోవాలి. ఆగినప్పుడల్లా 0.3 వచ్చిందనుకున్నా, రోజుకు 20 సార్లు ఆగితే 6 వాట్-అవర్లు. ఛార్జర్‌లో పోయేదీ కలిపితే డబ్బుల్లో మూడున్నర పైసలు, ఏడాదికి పదిన్నర రూపాయలు.

ఘాట్ దిగేటప్పుడైనా బాగా వస్తుందేమో అనిపిస్తుంది. 100 కిలోలు 100 మీటర్ల ఎత్తు దిగితే 27 వాట్-అవర్లు. కానీ ఆ దిగుడు 2 కిలోమీటర్ల రోడ్డు మీద పరుచుకుంటే, గాలికీ టైర్ల రాపిడికీ దాదాపు సగం పోతుంది. మిగిలినదాంట్లో మోటారు, కంట్రోలర్ వేడి పోగా 7, 8 దక్కుతాయి. వాలు తక్కువగా ఉన్నచోట ఏమీ మిగలదు, పైగా తొక్కాలి. నెలకు ఒక్క ప్రయాణంతో ఏడాదికి రెండు రూపాయలు కూడా జమ కావు.

నిజంగా మిగిలేది ప్యాడ్ల దగ్గర. మీ 400 ఖర్చు సగానికి తగ్గిందనుకుందాం, 200 ఆదా. కరెంటుతో కలిపి ఏడాదికి 212. అదే 6,000 ఆరున్నర శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటే 390 వడ్డీ వస్తుంది. అసలు కూడా మీదే.

రోజూ బరువుతో ఘాట్ దిగేవాళ్ల లెక్క వేరు. పాల క్యాన్లు గానీ కూరగాయల బుట్టలు గానీ కట్టుకుని దిగుతూ నెలకోసారి ప్యాడ్లు మార్చేవాళ్లకు ఏడాదికి 2,400 ఖర్చు. సగం తగ్గితే ఐదేళ్లలో పెట్టుబడి తీరుతుంది. డిస్కు వేడెక్కి బ్రేకు పట్టు తగ్గే ప్రమాదం కూడా తగ్గుతుంది కాబట్టి వాళ్లను నేను వద్దనను.

మెకానిక్ మాట వినే ముందు వెనక చక్రం పైకెత్తి, స్విచ్ ఆపేసి, చేత్తో ముందుకు తిప్పి చూడండి. హాయిగా తిరుగుతూ, వెనక్కి తిప్పితే మాత్రం బరువుగా ఉంటే అది చక్రం మధ్యలో గేర్లు, ఒకవైపే పట్టే క్లచ్ ఉన్న గేర్ హబ్ మోటారు. చక్రం మోటారును తిప్పలేదు కాబట్టి ఏ కంట్రోలర్ పెట్టినా కరెంటు వెనక్కి రాదు. పెడల్ దగ్గర ఉండే మిడ్ డ్రైవ్ మోటారుకూ ఇదే కథ, మధ్యలో ఒకవైపే పట్టే ఫ్రీవీల్ ఉంటుంది. రెండువైపులా అయస్కాంతం పట్టి వదిలినట్టు కొంచెం ఆగి ఆగి తిరిగితే గేర్లు లేకుండా చక్రాన్ని నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవ్ మోటారు. అదైతే కంట్రోలర్‌లో ఈ సౌకర్యం ఉందేమో అడగండి. కొన్నిటిలో ఒక వైరు కలిపితే లేదా సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది. అప్పుడు ఖర్చు ఉండదు, పెట్టించుకోండి.

కొత్త మోటారే వేస్తే మూడు చిక్కులు. మొదటిది, డైరెక్ట్ డ్రైవ్ కిట్లు చాలావరకు 500 వాట్లు, ఆ పైన. మన దేశంలో 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న ఈ-సైకిల్‌కే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. అది దాటితే మోటారు వాహనం కిందకి వస్తుంది. బీమా లేకుండా ఎవరినైనా గుద్దితే పరిహారం మీ జేబులోంచే. ఈ ఒక్క కారణం చాలు నేను వద్దనడానికి.

రెండోది ఇరుసు. ముందుకు లాగడం, బ్రేకులో వెనక్కి లాగడం, రెండూ దాని మీదే పడి నట్లు వదులవుతాయి. ఇరుసు గాడిలో తిరిగిపోతే మోటారు వైర్లు మెలితిరిగి తెగుతాయి. ఇరుసు తిరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే ఇనుప ముక్క, అంటే టార్క్ ఆర్మ్, రెండువైపులా తప్పనిసరి, నట్లు తరచూ చూసుకోవాలి.

మూడోది మీ ఘాట్‌కే సంబంధించింది. కోరాపుట్‌లో బ్యాటరీని 42 వోల్టుల దాకా నింపి బయల్దేరితే, దిగేటప్పుడు వచ్చే కరెంటుకు చోటుండదు. వోల్టేజీ హద్దు దాటగానే కంట్రోలర్ గానీ బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ గానీ దాన్ని ఆపేస్తుంది. మలుపులో ఉండగా ఆ బ్రేకు ఉన్నట్టుండి మాయమవుతుంది. కోరాపుట్‌లో 80 శాతానికే ఛార్జింగ్ ఆపాలి, చేతి బ్రేకులు ఎప్పుడూ సరిగ్గా ఉండాలి. ఘాట్‌కి వెళ్లే ముందు రోజు ప్యాడ్ చూడండి. రాపిడి పొర ఒక మిల్లీమీటరు లోపుంటే అప్పుడే మార్చేయండి.

మీకు రాబోయే అసలు ఖర్చు బ్యాటరీ. నెలకు 400 చొప్పున మూడేళ్ల బ్యాంకు ఆర్.డి. తెరవండి. కట్టేది 14,400, ఆరున్నర శాతం వడ్డీతో చేతికొచ్చేది 15,500 దాటుతుంది. మెకానిక్‌కి ఇద్దామనుకున్న 6,000తో అందులో మొదటి 15 వాయిదాలు తీరిపోతాయి.