రిజిస్ట్రీలో పనంటే గుమాస్తా పనేనా?

"మా అమ్మాయి చెన్నైలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఫైనలియర్. ఒక షుగర్ ఆసుపత్రిలో పేషెంట్ల వివరాలు ఏళ్ల తరబడి నమోదు చేసే రిజిస్ట్రీ పనిలో చేరతానంటోంది. అప్పు చేసైనా బెంగళూరులో ఏఐ కోర్సు చేయిద్దామని మా ఆలోచన. ఆ గుమాస్తా పని గురించి బంధువులకు ఏం చెప్పుకోవాలో తెలియడం లేదు. రెండింట్లో ఏది మేలు?" – ఒక తండ్రి, పెరంబూర్

అయ్యా, మీ అసలు టెన్షన్ బంధువుల గురించి రాసిన ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. అమ్మాయికి ఆ పని ఎందుకు నచ్చిందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు?

ఏఐ కోర్సుల మీద నాకు అనుమానాలున్నాయి. అక్కడ చాలావరకు శుభ్రం చేసిపెట్టిన డేటానే చేతికిస్తారు. బయట అలా ఉండదు. మనవాళ్ల లక్ష్మిగారు ఆసుపత్రిలో ఒకసారి ఇంటిపేరుతో, ఇంకోసారి తమిళ పద్ధతిలో తండ్రి ఇనీషియల్‌తో, పెళ్లయ్యాక భర్త ఇనీషియల్‌తో నమోదవుతారు. ముగ్గురా, ఒక్కరా? అది తేలకపోతే ఆవిడ హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) మూడేళ్లలో పెరిగిందో తగ్గిందో ఏ ఏఐ చెబుతుంది? ఇది గుమాస్తా పనా?

దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ సర్వే 2023లో అంచనా వేసింది. ఎంతమందికి ఉందో సర్వే చెబుతుంది. వాళ్ల కళ్లు, కిడ్నీలు పదేళ్ల తర్వాత ఎలా ఉన్నాయో తెలియాలంటే అదే మనిషిని వదలకుండా నమోదు చేస్తూ పోవాలి. చిన్న వయసులో షుగర్ వచ్చినవాళ్ల కోసం ఐసీఎంఆర్ 2006లోనే ఒక రిజిస్ట్రీ మొదలుపెట్టింది. ఆసుపత్రి రిజిస్ట్రీకి ఒక లోపం ఉంది. అందులో వచ్చినవాళ్లే ఉంటారు. రావడం మానేసినవాడికి తగ్గిందా, నాటుమందుకు మారాడా, బస్సు ఛార్జీకి డబ్బుల్లేవా? ఆ ఖాళీ గడిని చూసి ఈ అనుమానం రావడమే అసలు స్టాటిస్టిక్స్.

జీతం తక్కువే, దాచను. చాలాచోట్ల ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉద్యోగం. అందుకే ఒక ఏడాది చేయనివ్వండి. తర్వాత వేలూరు సీఎంసీలో ఎంఎస్సీ బయోస్టాటిస్టిక్స్ లాంటిది చూసుకోవచ్చు. బెంగళూరు మీద అంత మోజుంటే, దేశంలోని కేన్సర్ రిజిస్ట్రీల లెక్కలు చూసే ఐసీఎంఆర్ సంస్థ ఎన్‌సీడీఐఆర్ ఉన్నది అక్కడే. ఏఐ పనికి కావలసిన పైథాన్ ప్రోగ్రామింగ్ అంటారా, సాయంత్రాలు ఇంట్లో కూర్చుని నేర్చుకుంటుంది. దానికి అప్పెందుకండీ?

చేరేముందు ఒక రోజు ఆ ఆఫీసులో కూర్చుని రమ్మనండి. ఫాలోఅప్‌కు రానివాళ్లకు ఫోన్ ఎవరు చేస్తున్నారో చూడమనండి. ఎవరూ చేయకపోతే అక్కడ వద్దు, ఇంకోచోట వెతుక్కోమనండి.