బండి చాబి పోయింది, హ్యాండిల్ లాక్ పడి ఉంది: లాక్ పగలగొట్టాలా?

దేవరకొండ బస్టాండు దగ్గర హ్యాండిల్ లాక్ వేసిన స్ప్లెండర్ చాబి పోయింది, రెండో చాబి కూడా లేదు, లాక్ పగలగొట్టించనా అని అడిగారు. అస్సలు వద్దు.

హ్యాండిల్ గట్టిగా గుంజితే లాక్ పిన్ను వంగి గాడిలోనే ఇరుక్కుంటుంది. ఆ తర్వాత అసలు చాబి దొరికినా తిరగదు. వైర్లు కలిపి స్టార్ట్ చేసినా హ్యాండిల్ పక్కకే ఉంటుంది కాబట్టి బండి తిన్నగా పోదు. పైగా వైరింగ్ ఖరాబు.

ముందు ఇంట్లో బండి కాగితాల కవరు వెతకండి. కొత్త బండి చాబీలతో నంబరున్న చిన్న బిళ్ల ఇస్తారు. అది దొరికితే ఆర్‌సీ, ఆధార్ పట్టుకుని ఆ నంబరుకు చాబి ఇప్పిస్తారేమో షోరూమ్‌లో అడగండి.

నంబరు లేకుంటే తాళాలు చేసేటాయన్ని బండి దగ్గరికే పిలవండి. ఆర్‌సీ అడిగితే కోపం తెచ్చుకోవద్దు, అడగాల్సిందే. ఆయన ఇంకా పళ్లు కోయని చాబిని లాక్‌లో పెట్టి కొద్దిగా తిప్పుతూ కదిలిస్తాడు. లోపలి ఇత్తడి ప్లేట్లు తగిలిన చోట చాబి మీద సన్నటి గీతలు పడతాయి. సరిగ్గా ఆ గీతల మీదే ఆకురాయితో రెండు మూడు రాపిళ్లు, మళ్లీ లోపల పెట్టి చూడటం. ఒక్క రాపిడి ఎక్కువైతే ఆ చాబి పారేసి కొత్తది మొదలుపెట్టాలి. అందుకే తొందర పెట్టకండి. అదే చాబి పడే సైడ్ కవర్ లాక్ ఊడదీయగలిగితే పని ఇంకా తేలిక, ప్లేట్ల ఎత్తు చూసి కోయొచ్చు.

పైసలు ఇచ్చే ముందు ఇగ్నిషన్, హ్యాండిల్ లాక్, పెట్రోల్ ట్యాంకు మూత, సైడ్ కవర్ అన్నీ తిప్పి చూడండి. అరిగిన ఇగ్నిషన్ సరిగ్గా కుదరని చాబికి కూడా లొంగొచ్చు, ట్యాంకు మూత మాత్రం మొరాయిస్తుంది. అది పెట్రోల్ బంకు దగ్గర తెలిస్తే ఇబ్బంది. బిగుతుగా ఉంటే బలవంతంగా తిప్పొద్దు, మెత్తటి చాబి లోపలే విరుగుతుంది. లాక్‌లో నూనె కూడా పోయొద్దు. మిర్యాలగూడ మిల్లుల దిక్కు తిరిగే బండ్లలో ఊక దుమ్ము నూనెకు అంటుకుని గట్టిపడుతుంది. పెన్సిల్ ముల్లు పొడి కాస్త ఊదితే చాలు.

చాబి సరిగ్గా పడిందంటే అదే రోజు దాని నుంచి ఇంకోటి కోయించండి. అరిగాక కోయిస్తే అరుగుదలతో సహా కాపీ అవుతుంది.

చాబి మీ బండిని ఎరిగినవాళ్ల చేతికి చిక్కిందన్న అనుమానం ఉంటే మాత్రం లాక్ సెట్ మార్చండి. ఇగ్నిషన్ ఒక్కటే మారిస్తే ట్యాంకుకు ఒకటి, స్టార్టింగ్‌కు ఒకటి, రెండు చాబీలు మోయాలి. చాలా బండ్లలో ఇగ్నిషన్ లాక్ బోల్టు తలలు విరిగేలా బిగిస్తారు, స్పానర్ పట్టదు. ఆ పని మెకానిక్‌తోనే చేయించండి.

చిప్ ఉన్న చాబి, స్మార్ట్ కీ బండ్లకు ఈ పద్ధతి పనికిరాదు. కోసిన చాబి తిరిగినా ఇంజన్ అందుకోదు. వాటికి షోరూమ్‌లో కొత్త చాబిని బండికి జత చేయాల్సిందే.