అయ్యగారి డైరీ

ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. పాస్టరుగా ఆదివారం ఆరాధన, వారం మధ్యలో కుటుంబ ప్రార్థనలు, ఆస్పత్రులు, సమాధి కార్యక్రమాలు... వీటి మధ్య నవల ఎలా రాయను, చర్చి సంఘం వదిలేస్తే తప్ప రచయితని కాలేనేమో అన్నావు. ఆ మాట చదివి మనసు చివుక్కుమంది. వదలకు.

యూజీన్ పీటర్సన్ సంగతి చెబుతాను. అమెరికాలో మోంటానాలో మాంసం కొట్టు నడిపేవాడి కొడుకు, ప్రెస్బిటేరియన్ పాస్టరు. 1962లో మేరీలాండ్‌లోని బెల్ ఎయిర్‌లో కొత్త సంఘం మొదలుపెట్టాడు. మొదట్లో గుడి లేదు, వాళ్ళింటి బేస్‌మెంట్‌లోనే ఆరాధన. అక్కడే 29 ఏళ్ళు కాపరిగా ఉన్నాడు, ఉంటూనే రాశాడు.

ఆయనకీ టైము చిక్కేది కాదు. ఒక దశలో డైరీ తీసి, వారానికి మూడు మధ్యాహ్నాలు రెండేసి గంటల చొప్పున 'ఎఫ్.డి.' అని రాసుకున్నాడు. ఆ టైముకి ఎవరైనా రమ్మంటే అపాయింట్‌మెంట్ ఉందనేవాడు. అబద్ధం కాదు. ఎఫ్.డి. అంటే రష్యన్ నవలాకారుడు ఫ్యొదోర్ దొస్తొయెవ్‌స్కీ! నెలల తరబడి అలా కూర్చుని ఆయన రచనలన్నీ చదివేశాడు.

ఇంకొకటి. బైబిల్లో పౌలు గలతీయులకు రాసిన పత్రిక (ఉత్తరం) మీద పెద్దవాళ్ళకి క్లాసు పెట్టాడు. పౌలు అంత నిప్పులు చెరుగుతుంటే వీళ్ళు తాపీగా కాఫీలో చక్కెర కలుపుకుంటున్నారు. ఒళ్ళు మండి, ఆ పత్రిక మూల భాష గ్రీకు నేర్పిస్తే గానీ వీళ్ళకి ఎక్కదన్నాడు ఇంట్లో. క్లాసు ఖాళీ చేయించాలంటే అంతకన్నా మంచి ఉపాయం లేదంది భార్య. అప్పుడు ఆ పత్రికని వాళ్ళు రోజూ మాట్లాడుకునే ఇంగ్లీషులోకి తనే మార్చి, కొంచెం కొంచెంగా క్లాసుకి తీసుకెళ్ళాడు. అక్కడ మొదలైన పనే 1993లో కొత్త నిబంధనగా, 2002లో పూర్తి బైబిలుగా వచ్చిన 'ద మెసేజ్'. సంఘం లేకపోతే ఆ పుస్తకం లేదు.

ఇక నువ్వు పంపిన నవల అధ్యాయం. అందులో మిరప కోతకి వెళ్ళే తల్లి "నా హృదయము కలవరపడుచున్నది" అంటుంది. మీ సంఘంలో ఏ అమ్మయినా అలా అంటుందా? "మనసు మనసులో లేదయ్యగారూ" అంటుంది. ఆ మాట నీకు వారానికి పదిసార్లు వినపడుతోంది, తమ్ముడూ. ఊళ్ళో ఏ రచయితకీ అంత దగ్గరగా వినపడదు. ఒక్క జాగ్రత్త: నిన్ను నమ్మి చెప్పుకున్న కష్టాన్ని మాత్రం కథలో పెట్టకు. వాళ్ళ పలుకు తీసుకో, గుట్టు తీసుకోకు.

వచ్చే మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలు రాయడానికని డైరీలో కేటాయించి పెట్టు. ఎవరి పేరు రాసుకుంటావో నీ ఇష్టం. ఆ తల్లి మాటలు మళ్ళీ రాసి, ఆ పేజీ ఒక్కటే నాకు పంపు.

ప్రేమతో,
మీ అన్న