సాక్షి, సాక్ష్యం, ఒక చిన్న ‘ట’

సందేహం: ఒక హత్య కేసు వార్తలో ‘ప్రత్యక్ష సాక్షులు లేకున్నా పరిస్థితిజన్య సాక్షులతో నేరం రుజువైంది’ అని చదివాను. సాక్షి అంటేనే చూసినవాడు కదా, మళ్ళీ ‘ప్రత్యక్ష’ ఎందుకు? పరిస్థితుల్లోంచి సాక్షులు పుడతారా?

సమాధానం: పుట్టరు. సాక్షి మనిషి, సాక్ష్యం అతను చెప్పే మాట. వార్త రాసినవారు తొందరలో రెండిటినీ కలిపేశారు. అసలు ‘జన్య’ కూడా అక్కర్లేని బరువు, ‘పరిస్థితుల సాక్ష్యం’ అంటే చాలు. నేరాన్ని నేరుగా చూపకుండా, చుట్టూ ఉన్న ఆనవాళ్ళను బట్టి ఊహించి తేల్చే ఆధారమన్నమాట.

మొదటి ప్రశ్నలో మాత్రం పస ఉంది. ‘సాక్షాద్ ద్రష్టరి సంజ్ఞాయామ్’ అని పాణిని సూత్రం. సాక్షాత్తూ చూసినవాడే సాక్షి. ఆ లెక్కన ‘ప్రత్యక్ష సాక్షి’ పునరుక్తే. కానీ కోర్టులో ఆ మాట పరిధి పెరిగింది. శవపరీక్ష చేసిన డాక్టరూ సాక్షే, కత్తి దొరికినప్పుడు పంచనామా మీద సంతకం పెట్టినవాడూ సాక్షే. హత్యను వాళ్ళెవరూ చూడలేదు. అందుకే ‘ప్రత్యక్ష’ అని చేర్చక తప్పడం లేదు. దీన్ని తప్పుపట్టను.

నన్నడిగితే, ఈ తేడాలన్నీ తెలుగు క్రియల్లోనే ఉన్నాయి. కళ్ళారా చూసినవాడు ‘పొడిచాడు’ అంటాడు. ఇంకొకడు పొడవడం చూడలేదు, నిందితుడు నెత్తుటి చొక్కాతో గుమ్మం దాటుతుంటే చూశాడు, అతను ‘పొడిచి ఉంటాడు’ అంటాడు. పక్కింటివాళ్ళు చెప్పగా విన్నవాడు ‘పొడిచాడట’ అంటాడు. ఆ ఒక్క ‘ట’ చాలు, వినికిడి మాట అని తెలియడానికి. వాంగ్మూలం ఇంగ్లీషులోకి ఎక్కేటప్పుడు మొదట జారిపోయేదీ అదే. రెండో మనిషిలో ఒక తమాషా ఉంది: గుమ్మం దాటడానికి అతను ప్రత్యక్ష సాక్షే, హత్యకు మాత్రం కాదు. బోనులో అతను ‘పొడిచాడు’ అనేస్తే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో లాయరు పట్టుకునేది ఆ క్రియనే: ‘నువ్వు చూశావా?’

‘పొడిచి ఉండవచ్చు’, ‘పొడిచి ఉండాలి’ – ఈ రెండిటి మధ్య దూరం చాలా ఎక్కువని 1973లో ఒక హత్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1984లో పరిస్థితుల సాక్ష్యానికి ఐదు నియమాలు చెబుతూ ఆ మాటనే గుర్తుచేసింది. తెలుగులో చిక్కేమిటంటే, మనం ‘ఉండాలి’ని ఉత్త ఊహకూ వాడేస్తాం. ‘బస్సు ఈపాటికి వచ్చి ఉండాలి’ అంటాం, రాకపోయినా ఎవరూ తప్పుపట్టరు. కోర్టు అడిగే గట్టిదనం కావాలంటే ‘అతనే’ అని ఏకారం చేర్చాలి. ‘అతనే పొడిచి ఉండాలి’ అన్నప్పుడు మిగతావాళ్ళందరూ పక్కకు పోతారు. పరిస్థితుల గొలుసు తేల్చవలసిందీ అదే, నిందితుడి నేరానికి తప్ప మరో ఊహకు చోటుండకూడదు.

చూశానన్న ప్రతివాడి మాటా నిలవదనుకోండి. 1957లో అదే కోర్టు సాక్షులను పూర్తిగా నమ్మదగినవారు, బొత్తిగా నమ్మరానివారు, రెండూ కానివారు అని మూడు రకాలు చేసింది. మూడోరకం వాళ్ళ మాటకు మరో ఆధారం తోడు కావాలి. అన్నట్టు, ‘కూటసాక్షి’ని సాక్షుల కూటమి అనుకునేవారున్నారు. ఇక్కడ కూటం అంటే మోసం. కూటసాక్షి అంటే దొంగసాక్షి.

మీరు పంపిన వాక్యం నేనైతే ఇలా రాస్తాను: ‘హత్యను చూసినవారు లేకున్నా, పరిస్థితుల సాక్ష్యంతో నేరం రుజువైంది.’