వంతెన కాపలాలో ఉన్న అల్లుడికి

చి. అల్లుడికి,

కోనసీమ నుంచి మావయ్య ఆశీస్సులు. నిన్ను వంతెన గార్డుకి వేశారని మీ అమ్మ చెప్పింది. ముందుకి పంపలేదు కదా అని తేలిగ్గా తీసుకోకు. 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దులో నేనూ వంతెన కాశాను. వంతెన పోతే ముందున్నవాళ్లకి తూటా, రొట్టె రెండూ ఆగిపోతాయి.

రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు విశ్రాంతి అంటారు. ఆ నాలుగు గంటల్లోనే తిండి, నిద్ర, రైఫిల్ శుభ్రం అన్నీ అవ్వాలి. దిగగానే సాక్సులు మార్చి పాదాలు పొడిగా తుడుచుకో, ఆ తర్వాతే లంగర్‌కి, అంటే భోజనశాలకి వెళ్లు. రాత్రి సంత్రీగా, అంటే కాపలావాడిగా నిలబడే ముందు అరగంట ఫోన్ చూడకు, కళ్లు చీకటికి అలవాటు పడాలి.

రోజూ రొట్టె, పప్పు, బంగాళాదుంప తింటుంటే మనవాళ్ల నాలుక ఆకుకూరకి లాగుతుంది. అది తప్పు కాదు. విశ్రాంతి వేళలో గార్డు కమాండర్‌కి చెప్పి, ఒకడిని తోడు తీసుకుని వెళ్లు. పోస్టు మీద ఉండగా మాత్రం పది అడుగుల దూరంలో చింతచిగురు కనబడినా కదలొద్దు.

మన కాలవ గట్ల మీద చూసిన పొన్నగంటి, తూటికూర, గంగపాయల కూర, నీళ్లున్న ప్రాంతాల్లో అక్కడా దొరుకుతాయి. గంగపాయల కోసేటప్పుడు కాడ తుంచి చూడు. తెల్లటి పాలు కారాయంటే అది గంగపాయల కాదు, పారెయ్యి. నేల మీద పాకే నానబాలు చూడ్డానికి అలాగే ఉంటుంది. అసలు గంగపాయల కాడ కండపట్టి ఉంటుంది, తుంచితే నీరే వస్తుంది. లొట్టపీసు పువ్వు తూటి పువ్వులాగే ఉంటుంది గానీ అది విషం. చేమాకు చింతపండు వేసి బాగా ఉడికించకపోతే గొంతంతా దురద. చెరువులో పెరిగిన ఏ ఆకూ పచ్చిగా నమలకు. పుట్టగొడుగుల జోలికి అసలు పోకు.

ఇంకోటి, ఇది బాగా గుర్తుపెట్టుకో. యుద్ధం జరిగిన చోట మడి పచ్చగా, ఎవరూ కోయకుండా నవనవలాడుతూ కనబడితే ఆశపడకు. ఊరివాళ్లు దాన్ని ఎందుకు ముట్టలేదో ముందు అడుగు. మైన్లు, అంటే నేలలో పాతిన మందుపాతరలు ఉండొచ్చు. నలుగురూ నడిచిన బాట దాటి అడుగు వెయ్యొద్దు, అది గుప్పెడు కూర కోసమైనా సరే, గొప్ప చేప కోసమైనా సరే.

కోడి, కొబ్బరికాయ, చెరువులో చేప, ఇవన్నీ ఎవరో ఒకరివి. అడుగు, డబ్బులిచ్చి తీసుకో. రాత్రి కొత్త మనుషులు తిరిగారని ఊరివాళ్లు పరిగెత్తుకొచ్చి చెప్పేది, మనం వాళ్ల పెరట్లో చెయ్యి పెట్టనప్పుడే.

మీ అత్త మునగాకు పొడి, కరివేపాకు కారం పంపుతోంది. ఆవకాయ వద్దన్నాను, నూనె కారి కిట్టంతా పాడవుతుంది. పొడి నువ్వొక్కడివే తినకు, సెక్షన్‌లో, అంటే నీ చిన్న దళంలో అందరికీ పెట్టు. అయిపోతే చెప్పు, మళ్లీ పంపుతాం.

మీ మావయ్య